చంద్రుడి చాటుకు వెళ్ళిన చుక్క

ఫ్యాక్టరీ గేటు ఎదుట బండి పెట్టుకున్న ఆమెను వీధంతా ఇస్త్రీ అక్క అంటారు. బొగ్గుల పెట్టె మోసీ మోసీ కుడి భుజం కాస్త జారింది. ఎవరైనా మడత సరిగ్గా లేదని సణిగితే, "ముఖం మీది ముడతలకు నా దగ్గర పెట్టె లేదు" అంటుంది. షిఫ్టు సైరను మోగితే మాత్రం పెట్టె పక్కన పెట్టి, గేటులోంచి వచ్చే ఒక్కొక్క ముఖాన్నీ చూస్తుంది. ఆమె భర్త ఆ గేటులోంచే పనికి వెళ్ళాడు. బాయిలరు పేలిన రోజున ఆమె పొద్దుపోయేదాకా కళ్ళలో వత్తులు వేసుకుని అక్కడే నిలబడింది. శవాన్ని ఎప్పుడో వెనక గేటునుంచి తీసుకుపోయారని తరవాత తెలిసింది. తెలిసినా కళ్ళకు అలవాటు పోలేదు.

మొన్నొక సాయంత్రం షిఫ్టు వదిలాక జనం వీధిలోనే తలలెత్తి నిలబడ్డారు. నెలవంక పక్కనే మెరుస్తున్న శుక్రుడి చుక్క, చంద్రుడి చీకటి అంచు వెనక్కి జారి దీపం ఆర్పినట్టు మాయమైంది. కాసేపు చూసి ఎవరి దారిన వాళ్ళు పోయారు. ఆమె మాత్రం చుక్క మునిగిన చోటునే చూస్తూ ఉండిపోయింది. పెట్టెలో బొగ్గులు బూడిదయ్యాయి.

"అటు చూస్తే కనపడదక్కా," అన్నాడు గేటు దగ్గరి ముసలి వాచ్‌మన్. "పోయిన వైపు రాదు. అవతలి వైపునుంచి వస్తుంది."

ఆమె తల దించి అతన్ని చూసింది.

"ఆ రోజు వెనక గేటు తాళం తీసింది నువ్వేనా అన్నా?"

అతని చేతిలో తాళాల గుత్తి చప్పుడు ఆగిపోయింది.

"నా డ్యూటీ అదేగా అక్కా."

నెలవంక అవతలి అంచున చుక్క బయటికి వచ్చేసరికి ఇద్దరూ నేలకేసి చూస్తున్నారు.