ట్యాంకు మూత మీది చిల్లు

ఏ బండి వచ్చినా మెకానిక్ ముందుగా పానా పట్టడు. చెవి మీది పెన్సిలు సర్దుకుని, ఇదివరకు ఆ బండి మీద చెయ్యి వేసినవాణ్ణి తిట్టిపోస్తాడు. ఆ రోజు టీచరమ్మ పాత కారు తెచ్చింది. పది కిలోమీటర్లు పోగానే పెట్రోలు అందక ఆగిపోతోందట. పంపు విప్పాడు, ఫిల్టరు ఊదాడు. అన్నీ నిక్షేపంలా ఉన్నాయి. చివరికి ట్యాంకు మూత తిప్పితే బుస్సుమని గాలి లోపలికి పోయింది. మూతకుండే సన్నటి చిల్లును ఎవరో లక్కతో మూసేశారు.

“గాలి ఆడకపోతే పెట్రోలు ఎలా కదులుతుందమ్మా? ఏ మహానుభావుడు మూశాడు దీన్ని?”

“మీరేనండీ. పోయిన నెల, దుమ్ము పడుతుందని.”

అతను పెన్సిలు తీసి, చూసి, మళ్లీ చెవి మీదే పెట్టుకున్నాడు. గుండుసూదితో ఆ లక్క పొడిచి తీయడానికి పావుగంట పట్టింది.

“మూసినవాడెవడో గానీ, పని మాత్రం గట్టిగా చేశాడు,” అన్నాడు.