ఇసుక మేట మీద మా పెద్దమ్మ

నా చిన్నప్పుడు గోదావరి నడుమ ఉన్న మా లంకలో ఎవరికైనా పురుడు కష్టమైతే, మంత్రసాని చేతులెత్తేసేదాకా ఆగి అప్పుడు పడవ కోసం పరుగెత్తేవారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడంలో మావాళ్లు ఆరితేరినవాళ్లు. మా అమ్మ విషయంలోనూ అదే జరిగింది. ముందురోజు నుంచి నొప్పులు పడుతున్న మనిషిని మర్నాడు ఎండెక్కాక పడవలో పడుకోబెట్టి, డాక్టరమ్మ ఉన్న నరసాపురం ఆసుపత్రికి బయలుదేరదీశారు. మా నాన్న, మా పెద్దమ్మ, నేను, పడవ నడిపే తాత తోడు వెళ్లాం.

అది ఆటు వేళ. గోదావరి నీరు సముద్రం వైపు తీస్తోంది. దగ్గరిదారిన పొమ్మని నాన్న తొందరపెడితే తాత మేట పక్కనుంచి పోనిచ్చాడు. నడి ఏట్లో పడవ ఇసుకలో కూరుకుపోయింది.

ఇద్దరూ నీళ్లలోకి దూకి వెనకనుంచి తోశారు. ముందుకొచ్చి పడవ ముక్కుకి కట్టిన మోకు పట్టుకుని లాగారు. వాళ్ల కాళ్లే ఇసుకలోకి దిగబడ్డాయి గానీ పడవ కదల్లేదు. అమ్మ తల నా ఒళ్లో ఉంది. మొదట అరిచింది, తర్వాత మూలిగింది, చివరికి అదీ మానేసింది. ఆ మౌనానికి నాకు పుట్టిన భయం ఇంతా అంతా కాదు.

“నీరు దిగిపోతోందండి. ఇంకాసేపైతే మళ్లీ పోటొచ్చేదాకా కదలదండి,” అన్నాడు తాత.

పోటు వచ్చేసరికి సాయంత్రమవుతుంది. అప్పటిదాకా అమ్మ ఉండదని అందరికీ తెలుసు. నాన్న పడవ అంచుకి తల ఆన్చి ఏడ్చారు. ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదలు.

పెద్దమ్మ మా అమ్మకి సొంత అక్క. ఇంట్లో బట్టలారేసే దండెం ఎప్పుడూ వదులుగా కట్టేది. బిగించి కడితే తడిచీర బరువుకి గుంజలే ఊడొస్తాయని ఆవిడ వాదన. బట్టలు నేలకి తగులుతున్నాయని మేం వేళాకోళం చేసేవాళ్లం. ఆ పూట ఆవిడ చీర ఎగదోపి నీళ్లలోకి దిగింది. కాస్త దూరంలో, లోతు నీళ్ల అంచున, జాలర్లు వల కట్టడానికి పాతిన తాటిమొద్దు ఉంది.

“మరిదిగారూ, మోకు ఆ మొద్దుకి బిగించి కట్టండి. నడిమధ్య పట్టుకుని పక్కకి లాగుదాం.”

“ఎదురుగా లాగితే రానిది పక్కకి లాగితే వస్తుందా వదినగారూ?” అన్నారు నాన్న, ఆశ లేని గొంతుతో.

“తడిచీరకున్న బలమైనా మనకుండదా. కట్టండి.”

ముగ్గురూ మోకును మధ్యలో పట్టుకుని పక్కకు లాగారు. పడవ అడుగున ఇసుక కరకరలాడింది. జానెడు కదిలింది. తాత వెళ్లి సడలిన మోకును మళ్లీ మొద్దుకి బిగించాడు. మళ్లీ లాగారు, మళ్లీ జానెడు. “వెళ్తున్నామమ్మా” అని నేను అమ్మ చెవిలో అంటూనే ఉన్నాను. ఆమె విన్నదో లేదో నాకు తెలియదు. చివరికి పడవ తేలింది.

అమ్మ బతికింది. కడుపులో ఉన్న తమ్ముడు దక్కలేదు. ఆసుపత్రి అరుగు మీద కూర్చున్న పెద్దమ్మ అరచేతులు తోలు లేచిపోయి ఉన్నాయి. “కాస్త ముందు తోచుంటే బాగుండేదిరా” అంది. అంతకుమించి ఆ సంగతి ఆవిడ ఎప్పుడూ ఎత్తలేదు.

తర్వాత రాజమండ్రిలో చదువుకునేటప్పుడు, బిగిసిన తాడును మధ్యలో కాస్త పక్కకు లాగితే ఆ లాగుడుకు ఎన్నో రెట్లు బలం రెండు కొసల మీదా పడుతుందని పంతులుగారు నల్లబల్ల మీద గీతలు గీసి చెప్పారు. తక్కినవాళ్లు రాసుకున్నారు. నాకు కళ్లు నిండి బల్ల కనపడలేదు.

ఇప్పుడు నాకు పళ్లూడిన వయసు. ఎదురుగా లాగి ఓడిపోయినప్పుడల్లా పక్కనుంచి పట్టు దొరుకుతుందేమోనని వెతుక్కుంటూనే బతికాను. కొన్నిసార్లు దొరకలేదు. దొరికినప్పుడూ అంతా దక్కలేదు. సగమే దక్కినా లాగి తీరాలని మాత్రం ఆ రోజు నుంచీ నాకు తెలుసు.