కంటాసుపత్రిలో నా అక్షరాలు

కంప్యూటర్లు దుప్పటి కప్పుకుని పడుకునే ఆ రోజుల్లో, మౌసు పట్టిన ప్రతి కుర్రాడూ తానో మేధావినని అనుకునేవాడు. (నేను అనుకోలేదు, నిశ్చయించుకున్నాను.) కర్నూల్లో మా మామ కంప్యూటర్ల అంగడిలో పనికి చేరి, ఏడాది తిరక్కుండానే తెలుగు లిపిని బాగుచేయడానికి పూనుకున్నాను. ఇంగ్లీషులో కొసలకు తోకల్లేని అక్షరాలు తెర మీద నున్నగా కనిపిస్తుంటే, మనకెందుకు ఉండకూడదని, అన్నీ ఒకే సన్నని గీతతో గీసి, తలకట్లను జొన్నగింజంతకు కుదించేశాను. సరిగ్గా అప్పుడే ఒక కంటాసుపత్రివాళ్లు, వంతు వచ్చినవాళ్ల పేర్లు హాల్లో టీవీ మీద పడేట్టు చేసిమ్మన్నారు. "దూరం నుంచి చూసినావేమిరా?" అన్నాడు మామ. "శానా సార్లు చూసినా మామా" అన్నాను. కుర్చీలోంచి లేస్తే కదా!

టీవీ వచ్చిందని ఆసుపత్రిలో పేర్లు పిలవడం మానేశారు. మొదటిరోజు మెచ్చుకోళ్ల కోసం నేను ఆ పక్కనే నిలబడి ఉంటే, బెంచీ మీద ఒక అవ్వ ఏడవడం మొదలుపెట్టింది. ఆపరేషనై, కట్టు విప్పాక కన్ను చూపించుకోవడానికి వచ్చిన మనిషి. తన పేరు తానే చదువుకుంటానని పొద్దున్నుంచీ టీవీనే చూస్తూ కూర్చుందట. పేరు వచ్చి పోయింది కూడా. "అంతా అలుక్కపోయినట్లుండాది నాయనా, నా కన్ను పాయె!"

డాక్టరు ఆమెను లోపలికి తీసుకుపోయి గోడ మీది అక్షరాల పట్టీ చదివించాడు. చివరి వరుసదాకా గడగడా చదివేసింది. ఆయన బయటికొచ్చి, అద్దాలు తుడుచుకుని, టీవీ వైపు కళ్లు చికిలించాడు. "ఎవరప్పా ఈ అక్షరాలు చేసింది? నాకే కనపడల్యా!"

"టీవీ పాతది సార్" అన్నాను. (అది వచ్చిన అట్టపెట్టె ఇంకా నా కాళ్ల దగ్గరే ఉంది.)

డాక్టరు పెట్టె వైపు చూశాడు, నా వైపు చూశాడు. నన్ను వెనకేసుకొచ్చింది అవ్వే. "పిల్లోన్ని ఏమీ అనొద్దు సారూ. టీవీ చెడిపోతే వాడేం చేస్తాడు? నా కన్ను బాగుండాది, అంతే సాలు." సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

అవ్వ నా చెయ్యి పట్టుకునే మెట్లు దిగింది. ఆటో ఎక్కబోతూ ఆగి, ఎదురుగా పెయింటర్లు కుంచెతో రాసిన బోర్డులన్నీ పైకి చదివింది: మందుల షాపు, సైకిల్ రిపేరు, టీ అంగడి. "చూస్తివా, అన్నీ వస్తాండాయి!" అంది సంబరంగా. అందులో ఒక్క అక్షరమూ నాది కాదు. 'అవ్వా, తప్పు టీవీది కాదు, నాది' అని నోటిదాకా వచ్చింది. ఆటో వెళ్లిపోయింది. ఇప్పుడు నాకూ అద్దాలొచ్చాయి. ఆనాటి నన్ను తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, పొద్దున్నుంచీ కన్ను పోయిందని కుమిలిపోయిన ఆమెకు ఆ ఒక్క మాట చెప్పనందుకు ఇంకా సిగ్గుగానే ఉంటుంది.