ఎండబెట్టిన దాణా

2022 వానాకాలం. శంషాబాద్‌లో కోళ్ల దాణా, మందుల దుకాణం పెట్టి అప్పటికి నాకు పదకొండేళ్లు. ఒక పొద్దున దుకాణంలో నలుగురు గిరాకీలు ఉండగా, పక్క ఊరి రైతు యాదయ్య ఒక అట్టపెట్టె తెచ్చి నా ముందు పెట్టాడు. అందులో పన్నెండు రోజుల కోడిపిల్లలు మూడు. కాలివేళ్లు లోపలికి ముడుచుకుపోయి మడమల మీద పాకుతున్నాయి.

"గీ దుకాణంల విటమిన్ అని సుద్దపొడి అమ్ముతున్నరు. జర సూసి కొనుండ్రి" అన్నాడు, నాతో కాదు, ఆ నలుగురితో. ఇద్దరు ఏమీ కొనకుండా వెళ్లిపోయారు. వాళ్లెవరో నాకు ఇప్పటికీ గుర్తే.

ఆ జబ్బును కర్ల్డ్ టో అంటారు. దాణాలో రైబోఫ్లేవిన్, అంటే బి2 విటమిన్, తక్కువైతే కాళ్ల నరాలు దెబ్బతిని వేళ్లు ముడుచుకుంటాయి. యాదయ్య షెడ్డులో ఇంకా ఎనిమిది వందల పిల్లలున్నాయి. అవి పడిపోతే అతని బ్యాచ్ పోతుంది, నా దుకాణం పేరూ పోతుంది. కానీ అదే ప్రీమిక్స్, అంటే విటమిన్లన్నీ కలిపిన పొడి, అదే పెట్టెలోంచి కొన్న మిగతా రైతుల పిల్లలు నిక్షేపంగా ఉన్నాయి. షట్టర్ దించి అతని వెంటే వెళ్లాను.

షెడ్డులో అంతా సక్రమమే. పొడి కొలతా సరిగ్గానే వేశారు. "కలిపిన దాణా ఏది?" అని అడిగాను.

అతని భార్య మణెమ్మ బయటికి చూపించింది. "ఆరబోసినం అక్కా. మక్కజొన్నలు మెత్తగైనయి, బూజు పడ్తదని."

పక్కనే ప్లాట్ల వెంచర్. ఇళ్లు లేని సిమెంటు రోడ్డు మీద టార్పాలిన్ పరిచి, దాణాను పలచగా ఆరబోశారు. మబ్బు విడిచిన ఎండ చుర్రుమంటోంది.

"విటమిన్ కలిపినంక ఆరబోసిన్రా?"

"అవ్, కలిపినప్పుడల్ల. వడ్లు ఆరబోస్తలేమా?" అన్నాడు యాదయ్య.

"వడ్లల్ల విటమిన్ కలుపుతవా అన్నా? బి2 ఎండకు ఆగదు. నా పొడిని నీ పిల్లలు తినలే, ఎండ తిన్నది."

మణెమ్మ మొగుడి వైపు తిరిగింది. "ఇగ మాట్లాడు! దుకాణంల మస్తు ఒర్రినవంట గద!"

"ముందుగాల మక్కలు ఆరబెట్టి, తర్వాత గదే ప్రీమిక్స్ నీడల కలుపు. తాగే నీళ్లల్ల బి కాంప్లెక్స్ పొయ్. పిల్లలు లేస్తే మాత్రం నా దుకాణానికి వచ్చి నలుగుర్ల చెప్పాలె" అన్నాను.

ఆరో రోజుకల్లా వేళ్లు కొద్దిగా ముడుచుకున్నవి లేచి నడిచాయి. బాగా ముదిరిన పంతొమ్మిది లేవలేదు. మిగతావన్నీ మేతకు పరుగెత్తాయి. ఆదివారం దుకాణం కిటకిటలాడుతున్నప్పుడు యాదయ్య వచ్చాడు.

"అక్క తప్పేం లేదు. తప్పు నాది" అన్నాడు మెల్లగా.

"ఎనకున్నోళ్లకు ఇనబడలే అన్నా."

మళ్లీ గట్టిగా చెప్పాడు. ఆరుగురు విన్నారు. లెక్కపెట్టుకున్నాను.

ఆ కేసు నేర్పింది మాత్రం నాకు కాస్త చేదుగానే దిగింది. పదకొండేళ్లుగా ఎంత కలపాలో చెబుతూ వచ్చానే గాని, కలిపాక ఏం చేస్తారని ఒక్కరినీ అడగలేదు. గింజ పండించేవాళ్లు తడి తగిలితే ఆరబోస్తారు, అది చేతికి అలవాటైన పని. ఇప్పుడు ప్యాకెట్ చేతికిచ్చే ముందు అందరినీ అడుగుతాను. యాదయ్యనైతే ప్రతిసారీ అడుగుతాను, గిరాకీ ఎక్కువున్న రోజు ఇంకాస్త గట్టిగా.