అమ్మ గాజులు, అన్న తెచ్చిన పలక

ఈ ఉదయం పక్కింటి అమ్మాయి చేతిరుమాలు విప్పి గాజుముక్కలు నా ముందు పెట్టింది. "మా అమ్మవి అక్కా. కరిగించి లాకెట్ చేసియ్యి" అంది. ఏళ్ళ తరబడి చేస్తున్న పనే. అయినా బట్టీ మూత వేసే ముందు గాజు పరిచిన బిళ్ళను రెండుసార్లు తట్టి చూశాను.

చాలా ఏళ్ళ కింద, మా అమ్మ పోయిన నెలరోజులకు వదిన ఆమె చీరలన్నీ పంచింది, తన పుట్టింటివాళ్ళకు కూడా. చివర్లో ఒక పౌడరు డబ్బా నా వైపు జరిపి, "ఈ పెంకులు నీకే గదా పనికొచ్చేది" అంది. అందులో అమ్మ ఆకుపచ్చ గాజుల ముక్కలు. అన్న పక్కనే ఉండి ఫోను చూసుకున్నాడు. ఎంతసేపు చూసుకున్నాడో కూడా నాకు గుర్తుంది.

ఆ ముక్కలు కరిగిద్దామనుకున్న వారమే నా చిన్న కరెంటు బట్టీలో గాజు పరిచే బిళ్ళ విరిగింది. ఎవరు చెప్పారో, అన్న మా మార్కాపురంలోనే ఉన్న తన పలకల ఫ్యాక్టరీలో పలకరాయి కోయించి తెచ్చాడు.

"రాయి లోపల తడి ఉంటాదేమోన్నా, వేడికి పగుల్తాది."

"మన ఊరి రాయే. నీ పొయ్యిగట్టుకు వేసింది గూడా ఇదే, ఏమన్నా అయిందా? నీకన్నీ అనుమానాలే."

మా ఊళ్ళో పలకను అనుమానించడమంటే ఇంటిమనిషిని అనుమానించడమే. దాని మీదే అమ్మ గాజుముక్కలు పరిచి బట్టీలో పెట్టాను.

లోపల ఎర్రబడి గాజు మెత్తబడే వేళకు టప్పుమంది. స్విచ్ కట్టేశాను. మళ్ళీ టప్పుమంది. రాయి పొరలు లేస్తున్నాయని అన్నకు నాకంటే ముందే అర్థమైంది. బట్టీ మీదికి వంగాడు.

"మూత తియ్యి, ఉన్నకాడికన్నా తీసుకుందాం."

"చల్లగాలి తగిల్తే అంతా పగుల్తాది. చెయ్యి పెట్టినావంటే చూడు."

"ఎంతసేపు ఆగాల?"

"సాయంత్రందాకా."

ఫ్యాక్టరీకి పోతాడనుకున్నాను. పోలేదు. ఇద్దరం బట్టీ ముందు నేలమీద కూర్చున్నాం. శబ్దం వచ్చినప్పుడల్లా ఇంకో ముక్క పోయిందని లెక్కపెట్టుకునేదాన్ని. ఆగితే ఇంకా భయం. మధ్యాహ్నం అన్న, "అమ్మది నా దగ్గర ఒక్కటన్నా లేదే" అన్నాడు. చీరలు పంచేటప్పుడు నోరేమయిందని అడగబోయాను. బట్టీ మళ్ళీ టప్పుమంది. ఇద్దరం అటే తిరిగాం.

మూత తీసేసరికి పలక పొరలు పొరలుగా విచ్చుకుని ఉంది. గాజు చాలావరకు పెచ్చుల కింద నుగ్గయింది. రూపాయి బిళ్ళంత ఆకుపచ్చ ముక్క ఒకటి మిగిలింది, మధ్యలో నల్లటి రాతిపెచ్చు దిగబడి. అన్న చెయ్యి చాచాడు. ఆ చేతిలో పెట్టి, చూడనిచ్చి, తిరిగి తీసుకున్నాను. తప్పయిందని అన్న ఆ రోజూ అనలేదు, ఇప్పటికీ అనలేదు.

అమ్మ పోయాక మేమిద్దరం అంతసేపు ఒక్కచోట కూర్చున్నది ఆనాడే. ఎప్పటికి గడుస్తుందా అని భయపడిన ఆ ఒక్క పూటే నాకు నిమిషం నిమిషం గుర్తుంది, తర్వాతి ఏళ్ళు ఎలా వెళ్ళిపోయాయో తెలియదు.