కొవ్వు రెక్క లేని చేప

ఆ జాడీని ఒమాన్‌లో నేనుండే నిజ్వా ఊరు చేర్చేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. బ్రెజిల్ నుంచి వచ్చే చేపలు ఆల్కహాల్‌లో నానుతుంటాయి. కాగితాల మీద ఆ మాట కనబడగానే కార్గోవాళ్లు నన్ను మస్కట్‌కూ నిజ్వాకూ మధ్య బస్సుల్లో తిప్పి చంపారు. ఇది తాగేది కాదు భాయ్, తాగితే పోతారు అని హిందీలో చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది.

అవి చిటికెనవేలంత చేపలు. అమెజాన్‌లో కలిసే ఒక సన్నని వాగులో, నాతో ఒకప్పుడు పనిచేసిన బ్రెజిల్ మిత్రుడు పట్టినవి. ఉద్యోగం కోసం ఒమాన్ రాకముందు నేనూ అక్కడ రెండేళ్లు ఉన్నాను. పడవ నిండా మనుషులు, వలలు, వంటగిన్నెలు. ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉండేవారు, నోరు మూసుకోండర్రా అని కసిరేదాన్ని కూడా. ఇక్కడ కాలేజీ నుంచి గదికొస్తే ఏసీ చప్పుడే. ఒంటరిగా ఉండటం అలవాటైపోయిందని ఫోన్లో ఇంటికి చెబుతుంటాను. అబద్ధం.

వేసవి సెలవులకు అందరూ ఊళ్లకు వెళ్లిపోయారు. నేను అనుమతి తీసుకుని జాడీనీ మైక్రోస్కోపునూ గదికి తెచ్చుకున్నాను. మా పనిలో సగం ‘ఇది అది కాదు’ అని చెప్పడమే. పళ్లెన్ని, పొలుసులెన్ని, కింది రెక్కలో ముళ్లెన్ని, మొప్ప వెనక మచ్చ నిలువుగా ఉందా గుండ్రంగా ఉందా అని దాని చుట్టాల జాతులన్నిటితోనూ పోల్చాలి. పోల్చాను. జాడీలోని చేపలు కొత్త జాతే. అందులో సందేహం లేదు, ఆ ఘనత పట్టినవాడిదే.

కానీ వాటిలో ఒక చేపకు కొవ్వు రెక్క లేదు. ఈ రకం చేపలకు వీపు మీద, తోకకు కాస్త ముందు, గోరు చివరంత మెత్తని రెక్క ఉంటుంది. అది తెగితే మచ్చ మిగలాలి. దీనికి అక్కడ పొలుసులు నున్నగా ఉన్నాయి. పుట్టుకతోనే లేదన్నమాట. దాన్ని తీసి వేరే సీసాలో వేశాను.

మిత్రుడికి చెబితే, అది రెండో జాతి అయ్యే పక్షంలో మళ్లీ ఆ వాగుకు వెళ్లి మరికొన్ని పట్టాలి, నువ్వూ రావాలి అన్నాడు. ఒక్క చేపను చూసి జాతి అని రాస్తే ఎవరూ ఒప్పుకోరు. ఆ మాటతో నాకు కాలు నిలవలేదు. పడవ ఎక్కినట్టే అనుకున్నాను.

కింద ఉండే ఇంటివాళ్ల దగ్గర వంట చేసే గోదావరి ఆవిడ శుక్రవారాలు పైకి వచ్చి కాసేపు కూర్చునేది. ఆ వారం జాడీనీ సీసానూ ఎత్తి చూసింది.

“ఏవండీ టీచరుగారూ, ఇయ్యి పులుసెట్టడానిక్కూడా రావు కదండీ. మన ఫలజ్ కాలవలో ఇంతకన్నా పెద్దయే తిరుగుతన్నాయండి.”

“ఇవి తినేవి కావమ్మా. ఈ ఒక్కటీ వేరే జాతైతే నేను బ్రెజిల్ వెళ్లొచ్చు.”

“అయితే ఆ జాతే అని రాసెయ్యండి. అడిగేదెవరండీ?”

ఆవిడ వేళాకోళానికే అంది. కానీ వేరే జాతిలాగే ఉందని మిత్రుడికి చెప్పేస్తే నిజంగానే అడిగేవారు లేరు. ఆ వాగు దగ్గరికి మళ్లీ ఎవరైనా వెళ్తే తప్ప తేలదు. అయినా అనుమానం పురుగులా తొలిచింది. మర్నాడు దాని పళ్లు లెక్కపెట్టాను, మిగతావాటిలాగే ఉన్నాయి. పొలుసులూ అంతే, మచ్చా అంతే. అప్పుడు జాడీలోని మిగతా చేపల వీపులు ఒక్కొక్కటే లెన్సు కింద పెట్టి చూశాను. మొదట్లో ఆ పని చేయలేదు, రెక్క అన్నిటికీ ఉందిలే అనుకున్నాను. ఒకదానికి సగం రెక్కే ఉంది. ఇంకోదానికి నువ్వుగింజంత బుడిపె. అంటే ఆ రెక్క ఈ జాతిలో కొన్నిటికి పెద్దది, కొన్నిటికి చిన్నది, ఒకదానికి బొత్తిగా లేదు. అంతే. రెండో జాతి లేదు.

వెంటనే మెయిల్ రాయలేకపోయాను. టీ పెట్టుకుని తాగడం మర్చిపోయాను. బుడిపె ఉన్న చేపను చూడకుండా ఉంటే బాగుండేదని ఒకటికి పదిసార్లు అనుకున్నాను. చివరికి ఉన్నదున్నట్టు రాశాను. మిత్రుడి నుంచి జవాబు చప్పున వచ్చింది. మంచి పని చేశావు, ఇక ఎవరూ వెళ్లనక్కర్లేదు, కొత్త జాతి గురించి మనం రాసే వ్యాసంలో రెక్క మీద ఒక వాక్యం చేర్చెయ్ అన్నాడు. చేర్చాను.

తర్వాత సీసా మూత తీసి ఆ చేపను పట్టకారుతో జాడీలో వేశాను. తలకిందులుగా దిగి మిగతావాటి మధ్య ఒదిగిపోయింది. వాటిలో అదేదో ఒకసారి చూద్దామని జాడీని అటూ ఇటూ తిప్పాను. కనిపెట్టలేకపోయాను. దాని వాళ్లలో అది కలిసిపోయింది. నాకు కుళ్లు పుట్టింది. చచ్చిన చేప మీద కుళ్లేమిటని ఎవరైనా నవ్వితే నవ్వనీ, నాకు మాత్రం ఏడుపొచ్చింది.