రింగు కింద కరిముల్లా

ఉయ్యూరు బస్టాండు దగ్గర పరుపుల కొట్టు కరిముల్లాది. తన కొట్లోకి తనే తల వంచుకుని వెళ్లాల్సినంత పొడగరి. తొంభైల్లో ఊరి బాస్కెట్‌బాల్ జట్టుకి ఆడేవాడు. జుట్టులో దూది పీచుతోనే గ్రౌండుకొచ్చేవాడు. బంతి దొరికితే పక్కవాడికిచ్చేసి, రింగు కింద అవతలివాళ్లకి అడ్డం నిలబడటమే అతని ఆట. పేపర్లో ఒక్కసారీ పేరు పడలేదు. అడ్డుకున్నవాడి గురించి ఎవరు రాస్తారు?

2004లో ఒక ఆదివారం పొద్దున, అదే గ్రౌండులో కలిసిన జిల్లా పాత ఆటగాళ్లంతా ఆట మధ్యలో టీ తాగుతూ, రింగు కింద ఆడినవాళ్లలో జిల్లాకెల్లా ఎవరు గొప్పని వాదనకి దిగారు. వేసిన పాయింట్లని బట్టి కరిముల్లాని నాలుగో స్థానంలో పెట్టారు.

"నాలుగంటే ఎక్కువేనండీ," అన్నాడు కరిముల్లా టీ ఊదుకుంటూ.

అంతోనికి ఒళ్లు మండింది. ఒకప్పుడు విజయవాడ జట్టులో పాయింట్లన్నీ అతనివే. దూరం నుంచి అతను వేసే షాట్ గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు.

"ఆ షాట్ నాకెలా వచ్చిందనుకున్నారు? లోపలికెళ్తే వీడు బంతి వెయ్యనిచ్చేవాడు కాదు. గతిలేక బయటినుంచి నేర్చుకున్నా. వీడు నాలుగైతే నేనసలు లెక్కలోకే రాను."

"ఇప్పుడు రావోయ్ లోపలికి. మోకాళ్లు పోయాయి, ఎగరలేను," అని నవ్వాడు కరిముల్లా.

మళ్లీ ఆట మొదలైంది. అంతోని చేతికి బంతి వచ్చింది. ఈసారి లోపలికే వెళ్లాలనుకున్నాడు. ఎదురుగా దారంతా ఖాళీ. రింగు కింద కరిముల్లా ఒక చేత్తో మోకాలు పట్టుకుని, రెండో చెయ్యి పైకెత్తి నిలబడ్డాడు.

అంతోని కాళ్లు దూరం షాట్ వేసే గీత బయటే ఆగిపోయాయి.